నాన్న మోకాళ్లు, చైనా మాత్రలు, ఇంటికొచ్చే యోగా టీచరు

ఈ సంచికకి ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని మన క్లబ్బు వాళ్లు అడిగినప్పుడు వెంటనే సరే అనలేదు. మా ఇంట్లో జరిగింది రాయాలంటే నేను చేసిన తప్పు కూడా రాయాలి. అదీ ఒకటి కాదు, రెండు. కానీ మనలో చాలామంది ఇంటికి ఫోన్ చేసినప్పుడు చిన్నపాటి డాక్టర్లమైపోతాం. బీటెక్ చదువుతున్నాడంటే చాలు, అమ్మానాన్నల దృష్టిలో మనకి తెలియనిది ఉండదు. అందుకని రాసేస్తున్నాను.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు ముందు అరిగింది, తర్వాత కుడిది దానికి తోడయింది. షుగర్ ఆరేళ్లుగా ఉంది కానీ మాత్రలతో అదుపులోనే ఉండేది. ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పక్క టౌన్లో చైనా వైద్యం అంట. సూదులు గుచ్చి, మాత్రలు కూడా ఇస్తారంట. మా డిపోలో ఇద్దరికి తగ్గింది. నన్నూ వెళ్లమంటావా?"

నేను మిడ్ ఎగ్జామ్ గొడవలో ఉన్నాను. అంతకు వారం ముందే తూ యూయూ మీద ఒక వీడియో చూశాను. "వెళ్లు నాన్నా, చైనా వైద్యానికి నోబెల్ కూడా వచ్చింది" అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ మాస్ ట్రాన్స్‌ఫర్ పుస్తకంలో పడ్డాను. నాన్న ఆ మాట డిపోలో నలుగురికి చెప్పాడని తర్వాత తెలిసింది.

ఆ వీడియోలో చెప్పిన కథని తర్వాత సరిగ్గా చదివాను. అది నేను అనుకున్న కథ కాదు.

1967 మే 23న చైనాలో ఒక రహస్య పరిశోధన మొదలైంది. ఆ తేదీనే పేరుగా పెట్టుకుని దాన్ని ప్రాజెక్ట్ 523 అన్నారు. వియత్నాం యుద్ధంలో సైనికులు తూటాల కంటే మలేరియాకి ఎక్కువ భయపడుతున్న రోజులవి. అప్పటిదాకా వాడుతున్న క్లోరోక్విన్ పని చేయడం మానేసింది. 1969లో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య పరిశోధన సంస్థలో పనిచేస్తున్న తూ యూయూని ఇందులోకి తీసుకున్నారు. ఆమెకి డాక్టరేట్ లేదు, విదేశాల్లో చదవలేదు. ఆమె బృందం పాత గ్రంథాలు తిరగేసి, ఊళ్లలో వైద్యుల్ని అడిగి రెండువేలకు పైగా మందుయోగాలు పోగేసింది. వాటిలోంచి దాదాపు 200 మూలికలు తీసుకుని 380 రకాల సారాలు తయారు చేసి ఎలుకల మీద పరీక్షించారు. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే పనిచేయలేదు. మన ల్యాబ్‌లో రీడింగులు రెండోసారి రాకపోతే ఏం చేస్తామో మీకు తెలుసు. పక్క బ్యాచ్ రికార్డు చూస్తాం. ఆవిడ మళ్లీ పాత పుస్తకాల దగ్గరికి వెళ్లింది.

నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు అత్యవసర చికిత్సల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. జ్వరాలకి చింగ్‌హావ్ ఎలా వాడాలో అందులో ఉంది. పిడికెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి. చైనా మందులంటే ఎక్కువగా కాచే కషాయాలే. ఇక్కడ మాత్రం కాచమని లేదు. ఆవిడకి వెలిగిందల్లా అక్కడే. వేడికి ఆ మందు పాడైపోతోందేమో! వెంటనే ద్రావకం మార్చి, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబర్‌లో 191వ నంబరు నమూనా ఎలుకల్లోనూ కోతుల్లోనూ మలేరియా క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టింది. మనుషులకి ఇచ్చేముందు ఆమె, ఇంకొందరు సహచరులు తామే వేసుకుని చూసుకున్నారు.

ఆ మందే ఆర్టెమిసినిన్. దాని అణువులో రెండు ఆక్సిజన్లు పక్కపక్కనే పట్టుకుని ఉంటాయి, పెరాక్సైడ్ వంతెన. మలేరియా క్రిమి మన రక్తంలోని హీమోగ్లోబిన్ తిని బతుకుతుంది కాబట్టి దాని లోపల ఇనుము పోగవుతుంది. ఆ ఇనుము తగలగానే వంతెన విరుగుతుంది, పుట్టిన రాడికల్స్ క్రిమిని లోపల్నుంచి కాల్చేస్తాయి. ఇవాళ పాడేరు, అరకు వైపు మన్యంలో ఎవరికైనా ఫాల్సిపారం మలేరియా వస్తే ఇచ్చేది ఈ కుటుంబం మందులే. మన రాష్ట్రానికి నిజంగా సంబంధం ఉన్న కథ ఇది.

2015లో తూ యూయూకి వైద్యంలో నోబెల్ వచ్చింది. సగం ఆమెకి, మిగతా సగం వేరే మందు మీద పనిచేసిన క్యాంప్‌బెల్, ఓమురాలకి. అప్పుడు విలేకరులు ఇది చైనా సంప్రదాయ వైద్యానికి ఇచ్చినట్టా అని అడిగితే, నోబెల్ కమిటీ వాళ్లు కాదనే చెప్పారు. సంప్రదాయం ఆమెకి దారి చూపింది, బహుమతి ఆ దారిలో ఆమె చేసిన పనికి. ఇంకో సంగతి, ఆ ఆకు ఎండబెట్టి టీ కాచుకుని తాగితే మలేరియా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం లేదు, వద్దంటోంది. ఒక్కో ఆకులో మందు ఒక్కో మోతాదులో ఉంటుంది, అది చాలక క్రిమి బతికిపోతే మందుకి అలవాటు పడుతుంది.

మా నాన్నకి నేను ఫోన్‌లో చెప్పిన ఒక్క వాక్యంలో ఇదంతా ఎగిరిపోయింది.

దసరా సెలవులకి ఇంటికెళ్లాను. నాన్న మెట్లు చకచకా ఎక్కుతున్నాడు. వారానికి రెండు సార్లు సూదులు, రోజుకి రెండు మాత్రలు, తొమ్మిది వారాలైంది. "చూశావా నీ నోబెల్ మందు" అని గర్వంగా మోకాలు మడిచి చూపించాడు. నాకూ గర్వంగానే ఉంది. కానీ ముఖం గుండ్రంగా ఉబ్బినట్టుంది. అమ్మ మాత్రం "ఆకలి బాగా పెరిగింది, ఒళ్లు చేశాడు, అంతే" అంది. నాయనమ్మ ఒక్కతే "వీడి మొహం వీడిది కాదు" అంటూ ఉంది. ఆ సాయంత్రం గ్లూకోమీటర్‌తో చూశాను. మర్నాడు పొద్దున పరగడుపున మళ్లీ చూశాను. 286.

మాత్రల ప్యాకెట్ తెమ్మన్నాను. జిప్‌లాక్ కవరు, మీద చైనా అక్షరాలు, కింద ఒక పువ్వు బొమ్మ. తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు. ఇంటర్నెట్‌లో చదివితే ఒళ్లు జలదరించింది. కీళ్లనొప్పులకి మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు బోలెడున్నాయి. ఇది చైనా పేరున్న మందులకే పరిమితం కాదు, మన నాటు మందుల పొట్లాల్లోనూ దొరికాయి. నేను ఆవేశంగా "ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా వేసుకోవద్దు" అని ఆ కవరు మున్సిపాలిటీ చెత్తబండిలో పడేశాను.

ఇది నా రెండో తప్పు.

మూడో రోజు పొద్దున నాన్న పళ్లు తోముకుంటూ కళ్లు తిరిగి పడిపోయాడు. వాంతులు. బీపీ 90 బై 60. వీక్లీ ఆఫ్ కాబట్టి ఇంట్లో ఉన్నాడు. మర్నాడు అదే టైముకి యాభై మందిని ఎక్కించుకుని హైవే మీద ఉండేవాడు. దాని గురించి ఇప్పటికీ ఎక్కువ ఆలోచించను.

మా డాక్టరు గారు అంతా విని, "ఏమైనా మందులు సడెన్‌గా ఆపారా?" అని అడిగారు. నేను నసిగాను. అదృష్టం కొద్దీ నాన్న ఖాకీ చొక్కా జేబులో నాలుగు మాత్రలు మిగిలాయి. ఆయన వాటిని చూసి, కార్టిసాల్ పరీక్ష చేయించారు. చాలా తక్కువ వచ్చింది. తర్వాత కాగితం మీద ఒక బొమ్మ గీశారు. చూడగానే ఇది మన కంట్రోల్ సిస్టమ్స్ బ్లాక్ డయాగ్రమ్ కదా అనిపించింది.

కార్టిసాల్ అనేది మూత్రపిండాల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు చేసే హార్మోను. ఎంత చేయాలో మెదడు చెబుతుంది. రక్తంలో కార్టిసాల్ ఎక్కువైతే మెదడు సిగ్నల్ తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది. అచ్చం నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. బయట నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మెదడుకి ఆ తేడా తెలియదు. సరిపడా ఉందనుకుని సిగ్నల్ ఆపేస్తుంది. వారాల తరబడి పని లేకపోతే గ్రంథి నిద్రపోతుంది. అప్పుడు బయటి సరఫరా ఒక్కసారిగా ఆపేస్తే లోపల తయారు చేసేవాడు లేడు, బీపీ పడిపోతుంది. ప్రాణం పోవచ్చు కూడా. మొహం ఉబ్బడం, ఆకలి, షుగర్ పెరగడం, నొప్పి మాయమవడం అన్నీ ఒకే లెక్కలో సరిపోయాయి.

డాక్టరు గారు తెలిసిన మోతాదులో స్టెరాయిడ్ మళ్లీ మొదలుపెట్టి, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. షుగర్ అదుపులోకి వచ్చేదాకా ఇన్సులిన్. నాన్న నెలన్నర సెలవు పెట్టాడు. నాయనమ్మ మంచం మీద కూర్చుని "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంట" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నన్ను చూస్తూనే చెప్పేది.

కోపంలో చైనా వైద్యం మొత్తం మోసమని రాసేద్దామనుకున్నాను. చదివేకొద్దీ అదీ కుదరలేదు. ఆ మాత్రలు చేసినవాడు చైనా వైద్యం చదివినవాడు కాదు, చైనా అక్షరాలు అచ్చు వేయించినవాడు. అసలు చైనాలో ఈ వైద్యానికి 1956 నుంచీ కాలేజీలున్నాయి. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూల్లో మొదలయ్యాయి. ఆ పద్ధతిలో చదివినవాడు ఒకే జబ్బుకి ఇద్దరికి రెండు రకాల యోగాలు రాయొచ్చు. నాడి మూడు వేళ్లతో చూస్తాడు, నాలుక చూస్తాడు, నిద్రా చెమటా దాహం అడుగుతాడు. ఆ సిద్ధాంతం నేను నమ్ముతానా అంటే నమ్మను. కానీ మనిషిని చూడకుండా డిపో మొత్తానికి ఒకే కవరు ఇచ్చేవాడు ఆ సిద్ధాంతం ప్రకారం కూడా వైద్యుడు కాడు.

అలాగని అసలైన మూలికైతే భయం లేదనీ కాదు. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్‌కి వెళ్లిన ఆడవాళ్లకి వరసగా కిడ్నీలు పాడయ్యాయి. 1993లో డాక్టర్లు ఆ సంగతి లాన్సెట్‌లో రాశారు. చివరికి లెక్క వంద దాటింది. కారణం ఒక పేరు. మాత్రల్లో వేయాల్సింది హాన్ ఫాంగ్‌జీ, వచ్చి పడింది గ్వాంగ్ ఫాంగ్‌జీ. రెండోదానిలో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీ నాళాల్ని ఎండగడుతుంది, డీఎన్ఏని పట్టుకుని క్యాన్సర్ కూడా తెస్తుంది. మనకీ ఉసిరి వేరు, నేలఉసిరి వేరు, రాచఉసిరి వేరు. పచారీ కొట్టువాడు ఉత్త ఉసిరి పొడి అంటే ఏది ఇచ్చినట్టు? పాములు రావని మన ఊళ్లలో పెంచే ఈశ్వరి తీగ కూడా ఆ అరిస్టలోకియా జాతిదే. దాని వేరు అరగదీసి తాగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మరి సూదులు? నాన్న ఇప్పటికీ సూదులే పనిచేశాయంటాడు. ఆయన మాట పూర్తిగా కొట్టేయలేను. జర్మనీలో దాదాపు వెయ్యిమంది మోకాళ్ల నొప్పి వాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. కొందరికి గ్రంథాల్లో చెప్పిన బిందువుల్లో సూదులు గుచ్చారు. కొందరికి ఉత్తుత్తి సూదులు, అంటే ఏ బిందువూ కాని చోట పైపైన గుచ్చారు. మిగతావాళ్లకి మామూలు చికిత్స. ఆరు నెలలకి మెరుగైనవాళ్లు మొదటి గుంపులో 53 శాతం, రెండో గుంపులో 51, మూడో గుంపులో 29. మొదటి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. బిందువు ఎక్కడన్నది పెద్ద తేడా తేలేదు. కానీ ఎవరో ఒకరు వారానికి రెండు సార్లు దగ్గర కూర్చుని, కాలు పట్టుకుని, శ్రద్ధగా ఏదో చేయడానికి ఫలితం ఉన్నట్టే ఉంది. మా నాన్న కాలు అంత శ్రద్ధగా అంతకుముందు ఎవరూ పట్టుకోలేదు. నేనైతే అసలే లేదు.

డాక్టరు గారు మోకాళ్లకి చెప్పింది ఒక్కటే. తొడ ముందు కండరం బలపడాలి, బరువు తగ్గాలి, నొప్పికి అవసరమైనప్పుడే మాత్ర. ఫిజియోథెరపీ కాగితం ఇచ్చారు. నాన్న దాన్ని దేవుడి పటం వెనక పెట్టాడు. అప్పుడు అమ్మ, మా వీధిలో రిటైరైన ఒక స్కూలు టీచరు ఇంటికొచ్చి యోగా నేర్పుతున్నారని కనుక్కుంది. ముగ్గురికి కలిపి నెలకి రెండున్నర వేలు. నేను మాత్రం "మళ్లీ ఇంకోటా" అన్నాను. 2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేయడం టీవీలో చూశాం కదా, ఉచితంగా అది చూసి చేసుకుంటే పోలా అని నా లెక్క.

మొదటి రోజు టీచరు గారు ఒక్క ఆసనం కూడా వేయించలేదు. గంటసేపు కూర్చుని అడిగారు. "అన్నయ్య గారూ, క్లచ్ ఏ కాలితో తొక్కుతారు? దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడతారు? వదిన గారూ, బీపీ ఎన్నాళ్ల నుంచి? పిన్ని గారూ, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తారు? లైటు వేసుకుంటారా?" అందరి మందుల చీటీలు నోట్‌బుక్‌లో రాసుకున్నారు. వెళ్లేటప్పుడు నాన్నతో "డాక్టరు గారి మాత్ర ఒక్కటి కూడా నేను ఆపమని చెప్పను. తగ్గించాల్సి వస్తే ఆయనే తగ్గిస్తారు" అన్నారు. అప్పుడు నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఇలా ఒక్కొక్కరికి ఒక్కో రకంగా నేర్పే పద్ధతి ఎక్కడిదని వెతికితే మన జాతివాడు ఒకడు తగిలాడు. జాతి అంటే ఇంజనీర్ల జాతి. తిరుమలై కృష్ణమాచార్య 1930లలో మైసూరు ప్యాలెస్‌లో కుర్రాళ్లకి చెమటలు పట్టేలా, గుంపుగా యోగా నేర్పారు. పట్టాభి జోయిస్, బీకేఎస్ అయ్యంగార్ ఆయన శిష్యులే. తర్వాత మద్రాసు వచ్చాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు మారారు. గృహస్థులు, రోగులు, ముసలివాళ్లు. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి పాఠం మార్చడం మొదలుపెట్టారు. ఆయన కొడుకు దేశికాచార్ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలో చేరబోతున్నాడు. ఒకరోజు ఒక విదేశీ ఆవిడ కారు దిగి, వీధిలో అందరూ చూస్తుండగా వాళ్ల నాన్నని ఆనందంతో కావలించుకుంది. అంత ఆచారవంతుడైన బ్రాహ్మణుణ్ణి! ఏమైందంటే, ఎన్నాళ్లకో మాత్ర లేకుండా రాత్రి నిద్ర పట్టిందట. తన తండ్రి దగ్గర ఏముందో కొడుకుకి ఆ రోజు తెలిసింది. ఉద్యోగం వదిలి ఆయన దగ్గరే శిష్యరికం చేశాడు. 1976లో చెన్నైలో కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టింది ఆయనే. మనిషిని ఆసనానికి తగ్గట్టు వంచకూడదు, ఆసనాన్నే మనిషికి తగ్గట్టు మార్చాలన్నది అక్కడి పద్ధతి. మన భాషలో చెప్పాలంటే లోడ్ చూసి బీమ్ డిజైన్ చేయడం.

మా ఇంట్లో ఆ డిజైన్ ఇలా ఉంది. నాన్నకి వజ్రాసనం, పద్మాసనం లేవు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేలకి సమాంతరంగా చాపి ఐదు శ్వాసలు నిలపడం, గోడకి ఆనుకుని సగం కుర్చీలా కూర్చోవడం, లేవడం. అమ్మకి బీపీ కాబట్టి శీర్షాసనం, సర్వాంగాసనం లేవు, ఊపిరి బిగబట్టే కుంభకం లేదు. చేతులెత్తుతూ శ్వాస తీసుకోవడం, దించుతూ నెమ్మదిగా వదలడం, చివర్లో పది నిమిషాలు శవాసనం. ఇంట్లో అమ్మ పది నిమిషాలు పడుకుంటే ఎవరూ పిలవకూడదన్న రూలు అలా వచ్చింది. నాకు తెలిసి మా అమ్మకి వచ్చిన మొదటి సెలవు అది.

నాయనమ్మది అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. పోయినేడు బాత్రూంలో జారినప్పటి నుంచి అడుగు తీసి అడుగు వేయడానికే భయం. టీచరు గారు ఆమెతో కిటికీ ఊచలు పట్టుకుని ఒంటి బరువు ఒక కాలి మీదికి, నెమ్మదిగా రెండో కాలి మీదికి మార్పించేవారు. అది చూసి నాకు చైనా పార్కుల్లో ముసలివాళ్లు పొద్దున్నే చేసే తైచీ గుర్తొచ్చింది. అదీ ఇదే పని, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి నీళ్లు ఒంపినట్టు మార్చడం. 2012లో అమెరికాలో పార్కిన్సన్స్ ఉన్న 195 మంది మీద ఆరు నెలలు చూస్తే, ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లకంటే తైచీ చేసినవాళ్లు తక్కువగా పడ్డారు. నాయనమ్మకి పార్కిన్సన్స్ లేదనుకోండి. తైచీ అంటే ఏంటో కూడా తెలియదు. "ఊచల కసరత్తు" అంటుంది.

నాలుగు నెలలు గడిచాయి. నాన్న పరగడుపు షుగర్ 130 దగ్గరికి వచ్చింది, ఇన్సులిన్ ఆపింది డాక్టరు గారే. బరువు నాలుగు కిలోలు తగ్గాడు. డ్యూటీలో ఉన్నాడు. నొప్పి ఉందా అంటే ఉంది. "ఆ మాత్రల మీద ఉన్నప్పుడు మెట్లు పరిగెత్తి ఎక్కేవాణ్ణిరా" అని ఇప్పటికీ అంటాడు, కొంచెం బెంగగా. టీచరు గారు కూడా ఇప్పుడు వారానికి ఒక్కసారే వస్తున్నారు. "ఇంకా నేను కావాలంటే నేను సరిగ్గా నేర్పనట్టే" అని ఆవిడే తగ్గించేశారు.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేశాడు. "మా కండక్టరు వాళ్లావిడకి థైరాయిడ్ అంటరా. యోగా చేస్తే మాత్ర మానేయొచ్చని ఎవరో చెప్పారంట. నిన్నడగమన్నాడు."

"ఏ మాత్ర, ఎంత మోతాదు, ఆఖరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారో అడుగు నాన్నా. మాత్ర మానేసే మాట మాత్రం వాళ్ల డాక్టర్నే అడగమను. నన్నడగొద్దను."

అవతల నవ్వు వినపడింది. "ఇంతేనా? నోబెల్ గట్రా ఏం లేదా ఈసారి?"